ఒకే ప్రోగ్రాం, అయిదారు విండోలు: మౌస్ ముట్టకుండా కావలసిన దానికే వెళ్లడం

నెలలో 14వ తేదీ దాటాక బెంగళూరులో అకౌంట్స్ చూసే మనవాళ్ల స్క్రీన్లు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. జీఎస్టీ పోర్టల్ నుంచి దించుకున్న జీఎస్టీఆర్-2బీ (సప్లయర్లు చూపిన మన కొనుగోళ్ల పట్టిక) ఎక్సెల్ ఒకటి, కంపెనీ పర్చేజ్ రిజిస్టర్ ఒకటి, పోయిన నెల రీకన్సిలియేషన్ (ఆ రెండిటినీ సరిపోల్చిన షీటు) ఇంకొకటి. కంపెనీకి విజయవాడలో కూడా బ్రాంచి ఉంటే ఇదంతా రెండేసి సెట్లు: 29తో మొదలయ్యే కర్ణాటక జీఎస్టీ నంబరుకు ఒకటి, 37తో మొదలయ్యే ఆంధ్రప్రదేశ్ నంబరుకు ఒకటి. అన్నీ ఎక్సెల్ విండోలే, అన్నిటి ముఖమూ ఒక్కటే. 20లోగా నెల రిటర్న్, అంటే 3బీ, వేసెయ్యాలి.

ఇక్కడ పోయే టైము కంటే జరిగే తప్పు పెద్దది. 29 విండో అనుకుని 37 విండోలో పేస్ట్ చేస్తే, అది బయటపడేసరికి సగం రోజు గడిచిపోతుంది. ఆ తప్పుకు మూలం దాదాపు ఎప్పుడూ ఒకటే: కీ కొడితే విండోలు ఏ వరసలో తిరుగుతాయో తెలియకపోవడం. కొన్ని షార్ట్‌కట్‌లు చివరిగా వాడిన విండోను ముందుకు తెస్తాయి. కొన్ని, మీరు మధ్యలో ఏం తెరిచినా, ఆ ప్రోగ్రాం విండోలనే ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతాయి. రెండు విండోలతో పని ఉంటే మొదటి రకం చాలు. మూడు దాటితే రెండో రకం నేర్చుకోక తప్పదు.

ఆల్ట్+ట్యాబ్ ఎంతవరకు పనికొస్తుంది

ఆల్ట్+ట్యాబ్ ఒక్కసారి కొట్టి వదిలేస్తే, ఇంతకుముందు ఉన్న విండోకి వెళ్తుంది. మళ్లీ కొడితే వెనక్కి వస్తుంది. ఆ రెండూ ఎక్సెల్ విండోలైనా దానికి తేడా లేదు. 2బీ, రిజిస్టర్ రెండిటినీ పోల్చుకోవడానికి ఇంతకంటే హాయి లేదు. అయితే మధ్యలో టీమ్స్ మెసేజ్ ఒకటి వచ్చి మీరు దానికి జవాబిచ్చారంటే వరస మారిపోయినట్టే. తర్వాతి ఆల్ట్+ట్యాబ్ రిజిస్టర్‌కి బదులు టీమ్స్‌కి పోతుంది. చేతికి అలవాటైన కీ తప్పు చోటికి తీసుకెళ్లేది ఇక్కడే.

ఆల్ట్ వదలకుండా ట్యాబ్ మళ్లీ మళ్లీ కొడితే వరసలో ముందుకు, షిఫ్ట్ కలిపితే వెనక్కి. విండోలు ఎక్కువై కళ్లతో చూసి ఎంచుకోవాలనిపిస్తే కంట్రోల్+ఆల్ట్+ట్యాబ్ కొట్టండి. చేతులు తీసేసినా విండోల పట్టిక స్క్రీన్ మీదే నిలబడుతుంది. బాణం కీలతో వెళ్లి ఎంటర్ కొట్టడమే. అక్కడే డిలీట్ కొడితే ఎంచుకున్న విండో మూసుకుంటుంది.

ఆ పట్టికలో ఎడ్జ్ బ్రౌజర్ ట్యాబ్‌లు కూడా విండోల్లా కనిపించి చికాకు పెడుతుంటే, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో మల్టీటాస్కింగ్‌కి వెళ్లి ఆల్ట్+ట్యాబ్‌లో ట్యాబ్‌లు చూపకుండా ఆపెయ్యండి. వర్చువల్ డెస్క్‌టాప్‌లు వాడేవాళ్లు అదే పేజీలో మరో సంగతి చూడాలి. ఆల్ట్+ట్యాబ్ ఇప్పుడున్న డెస్క్‌టాప్ విండోలనే చూపాలా, అన్నిటివీ చూపాలా అనేది అక్కడే ఉంటుంది. విండో మాయమైందని వెతికేవాళ్లలో కొందరికి అది పక్క డెస్క్‌టాప్‌లో ఉంటుంది.

ఆల్ట్+ఎస్కేప్ కూడా విండోలను తిప్పుతుంది గానీ పట్టిక చూపదు, మినిమైజ్ చేసినవాటిని పైకి లేపదు. దాన్ని వదిలేసినా నష్టం లేదు.

విండోస్ కీ, అంకె

విండోస్‌లో ఒకే ప్రోగ్రాం విండోల మధ్య తిరగడానికి మాక్‌లో ఉన్నట్టు ప్రత్యేకమైన కీ లేదని అందరూ అంటారు. నిజమే, కానీ దానికి బాగా దగ్గరగా వచ్చేది ఒకటుంది, చాలామంది వాడరు. టాస్క్‌బార్ మీద ఐకాన్లను ఎడమ నుంచి లెక్కపెట్టండి. స్టార్ట్, సెర్చ్, టాస్క్ వ్యూ లెక్కలోకి రావు. ఎక్సెల్ మూడోది అనుకుందాం. విండోస్ కీ పట్టుకుని 3 కొడితే ఎక్సెల్ విండోల చిన్న బొమ్మలు టాస్క్‌బార్ మీద తేలుతాయి. విండోస్ కీ వదలకుండా 3 కొడుతూ పోతే ఒక్కో బొమ్మ మీదకీ జరుగుతుంది. కావలసిన దాని మీద ఆగి విండోస్ కీ వదిలేయాలి. టీమ్స్, క్రోమ్, వాట్సాప్ ఏవీ ఈ వరసలోకి రావు.

దీనికంటే పదునైనది విండోస్+కంట్రోల్+3. బొమ్మలు చూపకుండా నేరుగా, మీరు ఆఖరుగా వాడిన ఎక్సెల్ విండోకి వెళ్తుంది. మళ్లీ కొడితే ఇంకో ఎక్సెల్ విండోకి. బ్రౌజర్‌లో పోర్టల్ చూసి, ఇందాక పని చేస్తున్న షీటుకే తిరిగి రావాలంటే ఇదే సరైన కీ. విండోస్+షిఫ్ట్+3 అదే ప్రోగ్రాంను కొత్తగా ఇంకొకటి తెరుస్తుంది. షిఫ్ట్‌కీ కంట్రోల్‌కీ పక్కపక్కనే ఉండడంతో చెయ్యి జారి ఖాళీ వర్క్‌బుక్ తెరుచుకోవడం మామూలే. విండోస్+ఆల్ట్+3 కొడితే ఈమధ్య తెరిచిన ఫైళ్ల జాబితా వస్తుంది.

ఇది నమ్మకంగా పనిచేయాలంటే ముందు ఒక పని చేయాలి. రోజూ వాడే ప్రోగ్రాంలను టాస్క్‌బార్‌కి పిన్ చేసి, మౌస్‌తో లాగి, ఒక వరసలో పెట్టి ఇక కదపకండి. పిన్ చేయనివి తెరిచిన క్రమాన్ని బట్టి వరస చివర చేరతాయి కాబట్టి వాటి అంకె రోజుకోలా ఉంటుంది. 1 నుంచి 9 వరకు సరిగ్గా అవే అంకెలు, పదో ఐకాన్‌కి 0. అక్షరాల పైవరసలో ఉన్న అంకెలనే వాడండి, కుడివైపు నంబర్ ప్యాడ్‌ని కాదు.

కీ వద్దు, మౌస్ చేతిలోనే ఉంది అనుకుంటే, కంట్రోల్ పట్టుకుని టాస్క్‌బార్‌లో ఎక్సెల్ ఐకాన్ మీద క్లిక్ చేయండి. బొమ్మల్లో వెతుక్కునే పని లేకుండా ఆఖరుగా వాడిన విండో వస్తుంది. క్లిక్ చేస్తూ పోతే తిరుగుతుంది.

వర్డ్, ఎక్సెల్ లోపలి కీ

ఆఫీస్ ప్రోగ్రాంలలో కంట్రోల్+ఎఫ్6 చాలాకాలంగా ఉంది. ఎక్సెల్‌లో కొడితే తర్వాతి వర్క్‌బుక్, వర్డ్‌లో కొడితే తర్వాతి డాక్యుమెంట్. షిఫ్ట్ కలిపితే వెనక్కి. ఆ ప్రోగ్రాం దాటి బయటికి పోదు, ఎంత తిప్పినా చుట్టూ తిరిగి మొదటి ఫైలుకే వస్తుంది. ఎక్సెల్‌లో కంట్రోల్+ట్యాబ్ కూడా ఇదే పని చేస్తుంది. ఎక్సెల్ 2013 నుంచి ప్రతి వర్క్‌బుక్ విడి విండోగా తెరుచుకుంటోంది. అంతకుముందు అన్నీ ఒకే పెద్ద విండోలో ఉండేవి. రూపం మారినా ఈ కీ మారలేదు.

పేరు చూసి ఎంచుకోవాలంటే ఆల్ట్ కొట్టి వదిలి, డబ్ల్యూ, మళ్లీ డబ్ల్యూ. ఒకదాని తర్వాత ఒకటి, కలిపి కాదు. తెరిచిన ఫైళ్ల పేర్లు అంకెలతో వస్తాయి, అంకె కొడితే ఆ ఫైలు. పేస్ట్ చేయబోయే ముందు ఇది చాలా భద్రమైన దారి, ఎందుకంటే మీరు ఎంచుకునేది పేరును, వరసను కాదు.

కంట్రోల్+ఎఫ్6 కొడితే ఏమీ జరగడం లేదంటే మొదట అనుమానించాల్సింది లాప్‌టాప్ ఎఫ్ వరసను. చాలా లాప్‌టాప్‌లలో ఆ కీలు మామూలుగా సౌండుకీ, వెలుతురుకీ పనిచేస్తాయి. కంట్రోల్+ఎఫ్‌ఎన్+ఎఫ్6 కొట్టి చూడండి. లెనోవో, డెల్ మోడళ్లలో ఎక్కువ వాటికి ఎఫ్‌ఎన్+ఎస్కేప్ కొడితే ఆ వరస అసలు ఎఫ్ కీలుగా నిలిచిపోతుంది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరికే చిన్న మెకానికల్ కీబోర్డులలో అయితే ఎఫ్ వరసే ఉండదు. ఎక్కువ మోడళ్లలో ఎఫ్‌ఎన్ పట్టుకుని 6 కొడితే ఎఫ్6 అవుతుంది, కాబట్టి కంట్రోల్+ఎఫ్‌ఎన్+6.

రెండో కారణం కాస్త లోతైనది. రెండు ఎక్సెల్‌లు విడివిడిగా నడుస్తుంటే ఒకదాని కంట్రోల్+ఎఫ్6 రెండోదాని ఫైళ్లను చేరదు. ఆల్ట్ నొక్కి పెట్టి ఎక్సెల్ తెరిచినా, వేరే సాఫ్ట్‌వేర్ తన ఎక్స్‌పోర్ట్‌ను సొంతంగా ఒక ఎక్సెల్‌లో తెరిచినా ఇలా అవుతుంది. గుర్తు పట్టడం సులువు: ఒక ఫైలు నుంచి కాపీ చేసి ఇంకో ఫైల్లో పేస్ట్ స్పెషల్ తెరిస్తే ఫార్ములాలు, వాల్యూస్ అనే మామూలు ఎంపికలు రావు, టెక్స్ట్‌గానో బొమ్మగానో అతికించమంటుంది. ఒక ఫైలు సేవ్ చేసి మూసి, మొదటి ఎక్సెల్‌లోనే కంట్రోల్+ఓ తో తెరవండి. రెండూ ఒక గూటికి చేరతాయి.

ఒక గూటిలో ఉండడానికీ ఓ ఖర్చుంది. కంట్రోల్+జెడ్ చరిత్ర అన్ని వర్క్‌బుక్‌లకూ ఉమ్మడి. రిజిస్టర్‌లో ఒక అంకె మార్చి, 2బీకి వచ్చి ఒక రంగు వేసి, కంట్రోల్+జెడ్ రెండుసార్లు కొట్టారంటే రెండోది రిజిస్టర్‌లోని అంకెను వెనక్కి తీసేస్తుంది.

సెల్‌లో ఫార్ములా టైపు చేస్తూ విండో మారితే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. సమానం గుర్తు కొట్టాక వేరే వర్క్‌బుక్‌కి వెళ్లి ఒక సెల్ మీద క్లిక్ చేస్తే, ఆ ఫైలు పేరు, షీటు, సెల్ అన్నీ మీ ఫార్ములాలోకి వస్తాయి. వేరే పట్టికలోంచి విలువ వెతికి తెచ్చే వీలుకప్ ఫార్ములాకి ఇదే కావాలి. కానీ ఊరికే చూసి వద్దామని వెళ్లినవాళ్ల ఫార్ములా పాడవుతుంది. విండో మారే ముందు కింద ఎడమ మూల 'రెడీ' అని ఉందో లేదో చూడండి. 'ఎంటర్' అనో, 'ఎడిట్' అనో ఉంటే ముందు ఎస్కేప్ కొట్టండి. ఇంకో సంగతి, వేరే వర్క్‌బుక్ నుంచి వచ్చే సెల్ చిరునామా డాలర్ గుర్తులతో బిగించి వస్తుంది. కిందికి లాగితే ప్రతి వరసలోనూ అదే విలువ కనిపించడానికి కారణం అదే. చిరునామా మీద కర్సర్ ఉంచి ఎఫ్4 మూడుసార్లు కొడితే డాలర్లన్నీ పోతాయి.

ఒకే వర్క్‌బుక్‌లో రెండు షీట్లు పక్కపక్కన చూడాలంటే ఆల్ట్, డబ్ల్యూ, ఎన్. అదే ఫైలు రెండో విండోలో తెరుచుకుంటుంది, పేరు చివర 1, 2 అంకెలు వస్తాయి. ఒకదాంట్లో మార్చింది రెండోదాంట్లోనూ మారుతుంది, ఫైలు ఒకటే కనుక. ఆల్ట్, డబ్ల్యూ, బి కొడితే రెండూ సగం సగం పరుచుకుని కలిసి స్క్రోల్ అవుతాయి. మూసేటప్పుడు మాత్రం 2వ అంకె ఉన్నదాన్ని ముందు మూయండి. కొత్త విండోకి ఫ్రీజ్ పేన్స్ (స్క్రోల్ చేసినా కదలకుండా బిగించిన వరసలు) అన్ని వెర్షన్లలోనూ రావు. 1ని ముందు మూసి 2తో సేవ్ చేస్తే, మీరు బిగించిన హెడ్డింగ్ వరస ఫైల్లోంచే పోతుంది.

అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ టాలీప్రైమ్‌లో పద్ధతి వేరు. ఒకే విండోలో తెరిచి ఉన్న కంపెనీల మధ్య ఎఫ్3తో మారాలి. వోచర్ మధ్యలో వేరే రిపోర్ట్ చూడాలంటే ఆల్ట్+జి. పని కాగానే ఎస్కేప్ కొడితే వోచర్ ఉన్నచోటే ఉంటుంది.

బ్రౌజర్

కంట్రోల్+ట్యాబ్ బ్రౌజర్‌లో ట్యాబ్‌లను మాత్రమే తిప్పుతుంది, విండోలను కాదు. 29కి, 37కి పోర్టల్‌లో ఒకేసారి లాగిన్ కావాలంటే రెండు విండోలు తెరిచినా లాభం లేదు. ఒకే ప్రొఫైల్‌లోని విండోలు కుకీలు (లాగిన్‌ను గుర్తుంచుకునే చిన్న ఫైళ్లు) పంచుకుంటాయి కాబట్టి రెండో లాగిన్ మొదటిదాన్ని తన్నేస్తుంది. క్రోమ్‌లో రెండు ప్రొఫైళ్లు పెట్టుకోండి, రంగులు వేరుగా. విండోస్‌లో ఒక్కో ప్రొఫైల్ టాస్క్‌బార్‌లో విడి ఐకాన్‌గా నిలుస్తుంది. అంటే కర్ణాటకకు ఒక అంకె, ఆంధ్రకు ఒక అంకె. మాక్‌లో ఈ వెసులుబాటు లేదు, అన్ని ప్రొఫైళ్ల విండోలూ ఒకే క్రోమ్ కింద తిరుగుతాయి.

క్రోమ్ మూడు చుక్కల మెనూలో మోర్ టూల్స్ కింద 'నేమ్ విండో' ఉంది. ఇచ్చిన పేరే ఆల్ట్+ట్యాబ్ పట్టికలో కనిపిస్తుంది. ఏ విండోలో ఏ ట్యాబ్ ఉందో మరిచిపోతే కంట్రోల్+షిఫ్ట్+ఎ కొట్టి పేరులో నాలుగు అక్షరాలు టైపు చేయండి. ఆ ప్రొఫైల్‌లో తెరిచి ఉన్న విండోలన్నిట్లోనూ వెతికి తెస్తుంది.

మాక్

మాక్‌లో కమాండ్+ట్యాబ్ ప్రోగ్రాంలను మారుస్తుంది తప్ప విండోలను కాదు. విండోస్ నుంచి వచ్చినవాళ్లు మొదటి వారం తిట్టుకునేది దీన్నే. ఒకే ప్రోగ్రాం విండోలకు కమాండ్ పట్టుకుని ట్యాబ్ పైన, 1కి ఎడమ పక్క ఉండే బ్యాక్‌టిక్ కీ. షిఫ్ట్ కలిపితే వెనక్కి. యూరప్ నుంచి తెచ్చుకున్న మాక్‌బుక్‌లలో ఆ కీ ఎడమ షిఫ్ట్ పక్కన, జెడ్‌కి ముందు ఉంటుంది. కీ నచ్చకపోతే సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్, కీబోర్డ్ షార్ట్‌కట్స్, మళ్లీ కీబోర్డ్ తెరిచి 'మూవ్ ఫోకస్ టు నెక్స్ట్ విండో' దగ్గర మార్చుకోవచ్చు.

మినిమైజ్ చేసిన విండో ఈ వరసలోకి రాదు. మాక్‌లో విండో పోయిందనే ఫిర్యాదుకు ముఖ్య కారణం ఇదే. పైన మెనూబార్‌లో విండో మెనూ తెరిస్తే మినిమైజ్ అయినవాటి పక్కన వజ్రం గుర్తు ఉంటుంది. కీబోర్డుతోనైతే కంట్రోల్+కింది బాణం కొట్టండి, ఆ ప్రోగ్రాం విండోలన్నీ పరుచుకుంటాయి, మినిమైజ్ చేసినవి కింద చిన్నగా కనిపిస్తాయి. మేమైతే మాక్‌లో కమాండ్+ఎం వాడకం మానేయమంటాం. అడ్డుగా ఉంటే కమాండ్+హెచ్‌తో ప్రోగ్రాం మొత్తాన్ని దాచండి, కమాండ్+ట్యాబ్‌తో వెళ్లగానే అన్ని విండోలూ తిరిగొస్తాయి.

లినక్స్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఆల్ట్ లేదా సూపర్ (విండోస్ గుర్తున్న) కీతో అదే ట్యాబ్ పై కీ. ఇంకో లినక్స్ డెస్క్‌టాప్ కేడీఈలో కూడా ఆల్ట్‌తో అదే. గ్నోమ్ ఈ కీని అక్షరాన్ని బట్టి కాక ఉన్న చోటును బట్టి గుర్తిస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ తెలుగు లేఅవుట్‌లో ఆ కీ మీద ఒత్వం ఉన్నా, తెలుగు ఆన్ చేసి ఉండగా కూడా షార్ట్‌కట్ పనిచేసేది అందుకే.

కోడ్ రాసేవాళ్లకు

జెట్‌బ్రెయిన్స్ ఎడిటర్లలో ప్రాజెక్టు విండోల మధ్య విండోస్, లినక్స్‌లలో కంట్రోల్+ఆల్ట్ పట్టుకుని కుడి చదరపు బ్రాకెట్, వెనక్కి ఎడమ బ్రాకెట్. వీఎస్ కోడ్‌లో కంట్రోల్+షిఫ్ట్+పి కొట్టి 'స్విచ్ విండో' అని వెతకండి, ఫోల్డర్ల పేర్లు వస్తాయి. రోజూ వాడితే దానికి సొంత కీ కేటాయించుకోండి.

విండో మారితే భాష మారడం

ఒక వర్డ్ విండోలో తెలుగు ఉత్తరం, ఇంకోదాంట్లో ఇంగ్లిష్ అగ్రిమెంట్. విండో మారిన ప్రతిసారీ విండోస్+స్పేస్ కొట్టక్కర్లేదు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, టైపింగ్, అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే, ఒక్కో విండోకి వేరే ఇన్‌పుట్ పద్ధతి ఉంచుకునే గడి ఉంది. టిక్ పెడితే తెలుగు విండో తెలుగుగానే గుర్తుంటుంది. మాక్‌లో ఇన్‌పుట్ సోర్సుల పేజీలో డాక్యుమెంట్‌ను బట్టి మారే ఎంపిక, గ్నోమ్‌లో కీబోర్డ్ సెట్టింగ్స్‌లో విండోకి విడిగా మార్చే ఎంపిక ఉన్నాయి.

అదే విండోస్ పేజీలో ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్ కూడా తెరవండి. ఎడమ ఆల్ట్+షిఫ్ట్ అనేది భాష మార్చే కీ. ఆల్ట్+షిఫ్ట్+ట్యాబ్ కొట్టబోయి ట్యాబ్ దగ్గర తటపటాయించి వదిలేస్తే, విండో మారకుండా భాష మారిపోతుంది. ఆ కీని 'నాట్ అసైన్డ్' చేసి, భాషకు విండోస్+స్పేస్ ఒక్కటే ఉంచుకోవడం మంచిది.

క్లయింట్ మెషీన్‌లో పనిచేసేటప్పుడు

ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో చాలామంది పని సొంత లాప్‌టాప్‌లో కాదు, దూరంలోని మెషీన్‌ను తమ స్క్రీన్ మీదకి తెచ్చే రిమోట్ డెస్క్‌టాప్‌లో. దాన్ని చిన్న విండోగా పెట్టుకుంటే ఆల్ట్+ట్యాబ్ మీ లాప్‌టాప్ విండోలనే తిప్పుతుంది. అవతలి మెషీన్ విండోలకు ఆల్ట్+పేజ్ అప్, వెనక్కి ఆల్ట్+పేజ్ డౌన్. అక్కడ స్టార్ట్ మెనూకి ఆల్ట్+హోమ్. కంట్రోల్+ఎఫ్6 మాత్రం రెండుచోట్లా మామూలుగానే చేరుతుంది, అది విండోస్ తనకోసం పట్టేసుకునే కీ కాదు కనుక. ఆల్ట్+ట్యాబ్, విండోస్+అంకె కూడా అవతలికే పోవాలంటే, కనెక్ట్ అయ్యేముందు లోకల్ రిసోర్సెస్ పేజీలో కీబోర్డ్ అనే చోట 'ఆన్ ద రిమోట్ కంప్యూటర్' ఎంచుకోండి. ఫుల్ స్క్రీన్‌లో ఉన్నప్పుడే పోయేలా ఉంచడం ఇంకా నయం, చిన్న విండోగా మారగానే మీ కీలు మీకు తిరిగొస్తాయి. ఫుల్ స్క్రీన్‌కి వెళ్లడానికీ రావడానికీ కంట్రోల్+ఆల్ట్+బ్రేక్. బ్రేక్ కీ లేని లాప్‌టాప్ అయితే పైన నడిమధ్య కనిపించే నీలం పట్టీయే గతి.

ఫైళ్ల పేర్లు

చాలా పట్టికల్లో పొడుగు పేర్లకు మొదటి ముక్కే కనిపిస్తుంది. 'పర్చేజ్ రిజిస్టర్ ఫైనల్ 29', 'పర్చేజ్ రిజిస్టర్ ఫైనల్ 37' అని పెడితే రెండూ ఒకేలా తెగిపోతాయి. తేడా ఉన్న ముక్కను ముందుకు తెండి: '29 రిజిస్టర్', '37 రిజిస్టర్'. విండోస్ 11లో సెట్టింగ్స్, పర్సనలైజేషన్, టాస్క్‌బార్ కింద బటన్లను కలపడం 'నెవర్' చేస్తే ఒక్కో విండో తన పేరుతో విడిగా నిలుస్తుంది. పెద్ద మానిటర్‌కి బాగుంటుంది, 14 అంగుళాల లాప్‌టాప్‌లో ఆరు విండోలకే పట్టీ నిండిపోతుంది.

విండోలు పది దాటే మనుషులకు తిప్పడం కంటే వెతకడం మేలు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో పవర్‌టాయ్స్ రన్ ఉంది. మొదట్లో దాని కీ ఆల్ట్+స్పేస్, సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. అందులో 'చిన్నది' అనే గణిత గుర్తు (<) కొట్టి 37 అని టైపు చేస్తే, పేరులో 37 ఉన్న తెరిచిన విండోలే మిగులుతాయి. ఎంటర్ కొడితే అక్కడికే. ఆఫీసు లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవాలంటే ఐటీ వాళ్ల అనుమతి అడగాల్సి రావచ్చు.